ఎల్లవ్వ గిల్లిన మొలకలు

సూరత్‌లో నవాగామ్ వాడకు వారానికి ఒకరోజు కరెంటు సెలవు. ఆ రోజు బట్ట నేసే సాంచలన్నీ నోరు మూసుకుంటాయి, మనిషి మాట మనిషికి వినబడుతుంది. నర్సింగం వారమంతా ఆ రోజు కోసమే సాంచ నడుపుతాడేమో అనిపిస్తుంది. ఆయన అరుగు మీద నలుగురు చేరితే చాలు, లోపల భార్య ఎల్లవ్వ చాయ పెట్టాలి, బయట ఆయన కథ పెట్టాలి.

ఆ పొద్దు ఆగయ్య ఒక ముచ్చట తెచ్చాడు. సాంచ పని మానేసి ఊరికి పోతున్నాడట, ఉన్న ఎకరంన్నరలో ఆలుగడ్డ పెడతాడట. ఓడ మీద వచ్చిన పరదేశపు విత్తనం గడ్డలు రెండు సంచులు వాళ్ల శేటు ఇప్పిస్తున్నాడట. చలి మొదలయ్యేదాకా నెల రోజులు గదిలోనే ఉంచుకోవాలి. వాటిని ఎట్ల దాచాలో చెప్పన్నా అని అడిగాడు.

అడగకుండానే చెప్పే మనిషి, అడిగితే ఇక ఆగుతాడా.

"పరదేశపు గడ్డ నాకు కొత్తనా ఆగయ్యా," అన్నాడు నర్సింగం కాళ్లు ముడుచుకొని. "నాలుగేండ్ల కింద మా శేటు మూడు సంచులు తెప్పిచ్చిండు, బొంబై రేవుల దిగినయ్, తెచ్చి మా ఇంట్లనే పెట్టిండు, ఎందుకంటె సూరత్ మొత్తంల నమ్మకమున్న మనిషిని నేనొక్కన్నే."

సంచులు పెట్టింది నిజమే. వాళ్ల గదిలోకి ఎండ రాదని పెట్టాడు శేటు. లోపల చాయ వడకడుతున్న ఎల్లవ్వకు నిజం ఎక్కడిదాకా ఉందో తెలుసు. ఆ గీత దాటినప్పుడల్లా ఆమె గిన్నెలు చప్పుడు చేస్తుంది.

"ఓడ దిగేటప్పుడు హాలండ్ దొర నా భుజం మీద చెయ్యేసి, నర్సింగం, ఇవి గడ్డలు కావు, నా పిల్లలు అన్నడు, తెలుగులనే అన్నడు, నవ్వకు మొండయ్యా, సముద్రం మీద నెల దినాలు ఏం పనుంటది, నేర్చుకున్నడు. సరే, ఇంటికి తెచ్చినమా, వారానికే మొలకలు లేచినయ్, కిటికీల నుంచి బయటపడి పక్కింటోళ్ల బట్టల తాడు పట్టుకున్నయ్. అప్పుడు మా ఎల్లవ్వ ఏం జేసిందో ఎరుకేనా? అన్నీ గిల్లి పారేసింది. ఒక్కసారి గాదు, మూడుసార్లు. ఇగ గడ్డకు రోషమొచ్చింది. భూమిల పెట్టంగనే ఆ రోషమంత ఊరుడు షురూ అయింది, తవ్వితె ఒక్కోటి సాంచకు నూలు చుట్టే బీమంత. అండ్ల ఒకటి దొర్లుకుంట పోయి ఉధ్నా టేషన్ల పట్టాల మీద పడ్డది, బొంబై రైలు ఆగింది, డ్రైవరు దిగి గడ్డకు దండం పెట్టిండు. దాన్ని కోసి వండితె తాపీ నదికి ఇవుతల నవాగామ్, అవుతల అమ్రోలి, రెండు దిక్కుల బంతులు సాగినయ్."

"మరి తొక్క ఏం జేసినవే మామా," అన్నాడు పక్క గదిలో ఉండే మొండయ్య. ఆయనకు ఈ కథ కంఠతా వచ్చు, అయినా ప్రతిసారి అడుగుతాడు.

"నువ్వుండే గది కప్పు ఏందనుకున్నవ్?"

అందరూ నవ్వారు. ఎల్లవ్వ చేతి చలవ అని ఒకరు, లక్ష్మి చెయ్యి అని ఒకరు. ఆగయ్య మాత్రం నవ్వలేదు. బడిలో కూర్చున్నవాడిలా ప్రతి మాటా పట్టుకుంటున్నాడు. చాయ అందుకుంటూ ఎల్లవ్వ ముఖంలోకి చూశాడు.

"వదినె, రేపు నా గడ్డలొస్తయ్. మొలకలు లేవంగనే నువ్వొచ్చి నీ చేత్తోని గిల్లిపో. సాంచ ఇడిసిపెడుతున్న, అది పండకుంటె నాకు మళ్ల దిక్కు లేదు."

ఎల్లవ్వ చాయ పళ్లెం అరుగు మీద పెట్టేసింది.

వంటింట్లో మొలకెత్తిన గడ్డ అంటే పాడవుతున్న గడ్డ. ఆమెకు అమ్మ నేర్పింది అదే. పరాయివాళ్ల సొత్తు తన ఇంట్లో పాడవుతోందని భయపడి, నర్సింగం సాంచ మీద ఉన్నప్పుడు ఒక్కొక్క గడ్డా తీసి గోటితో గిల్లింది. మళ్లీ వచ్చాయి, మళ్లీ గిల్లింది. చాట నిండా పొట్టి పొట్టి ఊదారంగు మొలకలు, ఎంత ముద్దుగా ఉన్నాయో అనుకుంటూనే పారబోసింది. శేటు తన చేనులో పెట్టిస్తే సగం మొలవలేదు. మొలిచినవి ఆలస్యమై, గడ్డలు ఊరేలోపే ఎండలు ముదిరి, రేగుపండంత దగ్గర ఆగిపోయాయి. పరదేశపు విత్తనమే మోసమన్నాడు శేటు. మొలకే మొక్క అని చేను చూసే మనిషి నర్సింగానికి చెప్పాడు. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి ఆమె గోళ్లు చూశాడు. మరుసటి సెలవునాడే అరుగు మీద ఈ కథ మొదలైంది. అప్పటినుంచి ఆ చేను ఆయన నోట్లో ఏటేటా పండుతూనే ఉంది, ఆ పొగడ్త ఆమె ఒంటి మీద వాతలా పడుతూనే ఉంది.

"గిల్లకు ఆగయ్యా," అంది ఎల్లవ్వ. తల ఎత్తలేదు. "ఆ గడ్డలు పండలే. పాడయితున్నయనుకొని నేనే గిల్లిన, పానం తీసిన. నా తప్పు కనవడకుండ ఈయన నాలుగేండ్ల సంది మాటలు నేస్తున్నడు."

శేటుకు కూడా ఈ మాట చెప్పలేదే అన్న సిగ్గు ఆమెను ఇంకా వంచింది.

మొండయ్య మెల్లగా అడిగాడు. "మరి రైలు ఆగింది?"

నర్సింగం చాయ గ్లాసులోకే చూస్తున్నాడు. "ఉధ్నాల అది రోజూ ఆగుతది," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆగయ్య గ్లాసు కింద పెట్టి, అయితే ఎట్ల ఉంచాలె అన్నా అని మళ్లీ అడిగాడు. ఈసారి నర్సింగం గొంతు సన్నగా వచ్చింది.

"ఒక్క వరుసల పరిచిపెట్టు. ఎండ వద్దు, వెలుతురు జర తగలాలె. పొట్టిగ, లావుగ మొలుస్తయ్. ముట్టకు."

అంతే. ఆ మాట ఇప్పుడు ఉబ్బుతుంది, కిటికీ దాటుతుంది అని ఎల్లవ్వ ఎదురుచూసింది. అది ఉబ్బలేదు, ఉన్నంతలోనే ఉండిపోయింది. ఆమె చేతులు కొంగులో దాచుకుంది. మొలకలు లేచాక ఆగయ్య గదికి పోయి, వాటిని దూరం నుంచి ఒక్కసారి చూసి రావాలనుకుంది.