గుమ్మం మరిసిపోయిన గుడి

రండి, ఇలా దగ్గరగా జరగండి. ఒరే మనవడా, ఆ సెల్లు నా మొకం మీదకెట్టకు, ఒళ్లో ఎట్టుకో, మాట దానికెలాగూ ఇనిపిస్తాది. ఏటన్నావు? అన్ని సర్చిలకీ గుమ్మం ఎదురుగా ఉంటే మన గుడికి పక్కగోడకెందుకుందనా? ఓలమ్మో, సెప్పకముందే నవ్వొచ్చేస్తంది, ఉండు.

అప్పటికి నేను కొత్త కోడల్ని. నాలుగూర్లోళ్లం కలిసి మట్టిగోడల్తో గుడి లేపినాం. ఊరికో గోడ. పంతమంటే పంతం! మట్టి తొక్కడం, ఒక వరస పెట్టడం, ఆరినాక ఇంకో వరస. గోడ మోకాలెత్తయింది, దాటి లోపలికెళ్లినాం. నడుమెత్తయింది, ఎక్కి దిగినాం. నెత్తి దాటింది, నిచ్చెనేసినాం. ఒక్కలు, ఒక్కలంటే ఒక్కలు అడగలేదు కాదేటి!

ఆఖరి వరస పెట్టిన రోజున ఉపదేశిగారు, అదే, మాకు వాక్యం సెప్పే ఆయన, పార్వతీపురంలో సేయించిన ద్వారబందం మోయించుకొచ్చినారు. బస్సు గుమ్మలక్ష్మీపురం దాకానే మరి, ఆపైన బుజాలే. గుడి చుట్టూ ఓపాలి తిరిగినారు. రెండోపాలి తిరిగినారు.

"ఇది ఎక్కడెట్టాలర్రా?" అన్నారు.

గుమ్మం పక్కూరోళ్ల గోడకుంటాదనుకున్నారు అందరూను!

ఇంక సూడాలి. "మీ గోడ కొట్టండి." "మీదే వంకర గోడ, దాన్ని కొట్టండి." గెడ్డ, అదే మన వాగు, దానవతల ఊరోళ్లకి కోపమొచ్చి నిచ్చెన బుజానేసుకుని పోనారు. లోపల గోడ అలుకుతా నేనూ మా అత్తా ఉన్నామే! పైన సూస్తే మబ్బు కమ్మేసింది. గడ్డిమోపులు సిద్ధంగా ఉన్నాయి, కప్పీవోళ్లే లేరు. పచ్చిగోడలు, ఒక్క వాన పడితే మూడు నెల్ల కష్టం గెడ్డలో కలిసిపోద్ది. "దేవా, దేవా" అని ఏడుపందుకున్నాను.

నాలుగు గోడల్లో నున్నటిది మా ఊరి పక్కగోడే. మా అత్త అరచేత్తో పామి పామి అద్దంలాగ సేసింది. అలాటి మనిషి గునపమెత్తింది. "ప్రార్థన ఆపకు, గాని పక్కకి జరుగు" అంది. దబ్బు దబ్బుమని మా గోడనే పొడిసేసింది!

బయట గొడవ టక్కున ఆగిపోనాది. కన్నంలోంచి మా అత్త తలకాయొక్కటి బయటికెట్టింది, మొకమంతా మట్టి.

"ఏటలా సూత్తన్నారు? వాన మీ కోసం ఆగుద్దేటి? ద్వారబందం ఇక్కడికి, గడ్డి పైకి, బేగి!"

ఒకడు కిసుక్కుమన్నాడు. అంతే, ఊర్లకూర్లు కడుపులట్టుకుని నవ్వడమే. ఉపదేశిగారైతే ద్వారబందం వాటేసుకుని నేల మీద కూలబడిపోనారు. ఆ నవ్వులకే నిచ్చెనోళ్లు ఎనక్కొచ్చేసినారు. అందరం ఎగబడి గోడల నెత్తిన గడ్డి పరిసేసినాం. ఆఖరి మోపు పడిందో లేదో, సినుకు! దేవుడికి స్తోత్రం, ఒక్క పెళ్ల రాల్లేదు.

నలుగురు కలిసిన పనిలో ఎక్కడో ఓ కాడ కన్నం ఎట్టాల్సొస్తాది, పిల్లగుంటల్లారా. అప్పుడు మా అత్తని తలుసుకోండి. ముందు మీ గోడ మీరే పొడవండి. ఒక్కపాలి సేసి ఊరుకోకండి, మళ్లీ మళ్లీ సెయ్యండి. సల్లగా బతకండి నాయనా…