ఏకాంబరం మీద మొట్ట పిటిషన్

మళ్ళీ అదే మాట అంటారేమి సార్? నేను చావడానికి పోలేదు. ఆ బావిలో నీళ్ళు ఉండాయి కాబట్టి పోయినా. పాలారులో నీళ్ళుంటే పాలారుకే పోయి ఉందును, కౌండిన్యలో ఉంటే కౌండిన్యకు. రెండింట్లోనూ ఇసకే. ఇసకలో ఎట్ల ఈదేది చెప్పండి.

కూర్చోమంటారా? పరవాలేదు, నిలబడే చెప్తా. మీ ఇంట్లో కూడా తెలుగే మాట్లాడతారంట కదా, అందుకే అరవంలో కాకుండా మన మాటలోనే చెప్తాండా. పేరు ఏకాంబరం. వయసు నలభై ఏడు. బిల్డింగు మేస్త్రి. గుడియాత్తంలో సగం మిద్దెలు నేను పోసినవే. మీ స్టేషన్ కాంపౌండు గోడ కూడా నాదే. పోయి చూడండి, ఒక్క పగులు ఉండదు.

ఎవురో పేరు లేకుండా మొట్ట పిటిషన్ రాసినారు, మీరు మనిషిని పంపి పిలిపించినారు. సరి, వచ్చినా. కానీ నాలుగున్నర బండికి నేను మద్రాసు పోవల్ల. ఆమా, చెన్నై. పేరు మార్చి ఏడాది కాలేదు, నోటికి ఇంకా రాలేదు సార్. ఇప్పుడు రెండున్నర. ఒకటొకటిగా చదవండి, ఒకటొకటిగా జవాబు చెప్పేస్తా. ఎవురు రాసినారో, ఏంటికి రాసినారో, అదంతా మనకిప్పుడు వద్దు.

ఒకటో పాయింటు, దినమూ బావిలో దూకి ప్రాణం తీసుకోవాలని చూస్తాండాడు. అదే కదా?

ఈత నేర్చుకునేదానికి పోయినా సార్. నలభై ఏడేండ్లకు ఈత ఏంటికంటే, అది మొదటినుంచి చెప్పవల్ల.

పేర్నంబట్టు రోడ్డులో కొత్తగా బూట్ల ఫ్యాక్టరీ కట్టినాం కదా. ఇప్పుడు లైసెన్సులూ గిసెన్సులూ తీసేసినారంట, ఎవురైనా ఏమైనా కట్టుకోవచ్చంట. అందుకని జర్మనీ నుంచి ఒక దొర బూట్లు కొనేదానికి వచ్చి, మేము స్లాబు పోసే దినం అక్కడే నిలబడి చూసినాడు. మంచోడే. నలభై మంది కూలీలకు తన చేత్తోనే మజ్జిగ పోసినాడు. పోస్తా పోస్తా ఇంజినీరు చేత చెప్పించినాడు, వాళ్ళ ఊర్లో ఒక పందెం ఉండాదని. నాలుగు కిలోమీటర్లకు రొంత తక్కువ ఈదల్లంట. ఆ తడి గుడ్డలతోనే నూట ఎనభై కిలోమీటర్లు సైకిలు తొక్కల్లంట. సైకిలు దిగి నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తల్లంట. అంతా ఒకే దినంలో.

నేను గమ్మున ఉండాల్సింది. పక్కనే పుష్పవతి ఉండె. పద్దెనిమిదేండ్లుగా నా దగ్గర చిత్తాళు, కాంక్రీటు తట్ట మోసే మనిషి. "మేస్త్రీ, ఆ దొర ఏమంటాడు" అని అడిగింది. చెప్పినా. "అంతేనా? అదంతా అయినాక ఇంటికి పోయి వంట చేయల్ల కదా, అది చెప్పలేదా" అనింది. అందరూ నవ్వినారు. ఆ నవ్వులో నేను కూడా నోరు జారినా. "ఇదొక పనా, స్లాబు దినం దీనికంటే కష్టం, నేనే చేసి చూపిస్తా" అనేసినా. ఇంజినీరు అది ఇంగ్లీషులో చెప్పేసినాడు. నేను సిమెంటు కావాలన్నది మాత్రం ఎప్పుడూ సరిగ్గా చెప్పడు.

దొర నా చెయ్యి పట్టుకొని ఊపినాడు. మరిచిపోతాడులే అనుకున్నా. రెండు నెల్ల తర్వాత పోస్టులో ఒక గుడ్డముక్క వచ్చింది. దాని మీద రెండు వందల పద్నాలుగు అని నంబరు, కింద ఇంగ్లీషులో నా పేరు. ఈ ఆదివారం మహాబలిపురంలో దొరలంతా కలిసి అదే పందెం పెట్టినారు. నా పేరు దొరే ఇచ్చేసినాడు.

అందుకు సార్ బావి.

గోవిందస్వామి తోటలో బావి నలభై అడుగుల అడ్డం. గోడ వెంబడే ఒక చుట్టు ఈదితే నూట పది అడుగులు. పందేనికి నూట పదిహేను చుట్లు. కొలత నాకు చెప్పాల్నా, టేపు పట్టి చూసినా. ఒకే పక్కకు తిరిగితే తల తిరగతాదని, ఎదురు చుట్టు తిరగబోతే తోటలో ఉండే ముసలమ్మ కాళియమ్మ ఒప్పుకోలే. గుడిలో తిరిగినట్టే తిరుగు, లేకుంటే నీళ్ళు ఎండిపోతాయి అనింది. బావి ఎండితే గోవిందస్వామికి ఎవురు చెప్పేది? కాబట్టి ప్రదక్షిణమే. బయటికి వచ్చినాక కూడా ఒక గంట సేపు నా కాళ్ళు కుడిపక్కకే పోతాయి సార్. ఇంటికి పోవాల్సినోణ్ణి రెండు తూర్లు బస్టాండుకు పోయినా.

ఈత పట్టుబడి చుట్లు మొదలుపెట్టిన మొదటి దినం మేకలు తోలుకొని పోతా ధనపాల్ తొంగి చూసినాడు. తాడేసి లాగేసినాడు. ఈదతాండా అంటే నమ్మలే. సంసారం ఉండే మనిషి, పనిదినం పొద్దు, బావిలో ఏంటికి ఈదుతాడు? పదిమందిని పిలిచి, నన్ను మధ్యలో కూర్చోబెట్టి, బతుకు ఎంత గొప్పదో రెండు గంటలు చెప్పినారు. మా ఇంటామె కస్తూరమ్మను పిలిపించినారు. ఆమె వచ్చి, నా తల తుడిచి, "ఇంకా నూట రెండు చుట్లు ఉండాయి కదా, లెయ్" అనింది. దాంతో ఆమెను కూడా ఒక మాదిరిగా చూసినారు.

రెండో తూరి ఇంకెవురో లాగినారు. మూడో తూరి ఫైరింజను వచ్చింది. ఇంగ లాభం లేదని ఒక పలక మీద "లోపల ఉండే మనిషి ప్రాణంతోనే ఉండాడు, ఈదతాండాడు" అని అరవంలో రాయించి బావి గట్టున పెట్టినా. మర్నాడే చదవను రానోడు ఒకడు వచ్చి, నన్ను చూసి దూకేసినాడు. వాడికి ఈత రాదు. నేనే జుట్టు పట్టుకొని మెట్ల దగ్గరికి తెచ్చినా. ఊరంతా ఏం చెప్పుకున్నారో తెలుసా? వాడు నన్ను కాపాడినాడని. శాలువా కప్పినారు సార్ వాడికి. నేను కూడా చప్పట్లు కొట్టినా, ఇంకేం చేసేది.

సరి. రెండోది సైకిలు.

ఎట్ల తెలుసంటే... ఊహే సార్. బావి తర్వాత సైకిలు కాకుండా ఇంగేం రాస్తాడు ఎవుడైనా? చదవండి. ఆ, కారణం లేకుండా ఊరూరు తిరుగుతాండాడు, ఏదో కడత్తల్ చేస్తాండాడని అనుమానం.

కడత్తల్ ఏమి సార్, దొంగసరుకు మోసేవాణ్ణా నేను? కోడిపెట్టను కూడా రసీదు లేకుండా తేలేదు నేను. గుడియాత్తం నుంచి ఆర్కాడు పోయి తిరిగి వచ్చి, మళ్ళీ వేలూరు పోయి వస్తే సరిగ్గా నూట ఎనభై. ఆదివారం ఆదివారం అదే నా పని. దావలో ఎవురైనా యాడికి అంటే ఆర్కాడు అంటా. ఏం పని మీద అంటే పనేమీ లేదంటా. పని లేకుండా ఆర్కాడు పోయే మనిషిని వాళ్ళు చూసిండరు. పాపం అనుకొని వాళ్ళే పని ఇచ్చేసినారు.

పళ్ళికొండలో ఒకాయన కూతురి పెండ్లి పత్రికలు అరవై ఇచ్చినాడు, పోతా పోతా ఇచ్చేయ్ అని. పత్రిక తెచ్చినోణ్ణి ఊరకే పంపిస్తారా ఎవురైనా? ఇంటింటికీ కాఫీ. ఆ దినం నాకు కాళ్ళు నొప్పి లేదు, చేతులు వణికినాయి. ఇంకొకరు వేలూరులో కుక్కరు రిపేరు చేయించుకొని రమ్మన్నారు. ఆర్కాడు నుంచి మక్కన్ పేడా తెమ్మనేవాళ్ళు లెక్కే లేదు. ఆ కోడి సంగతంటారా, ఒకావిడ చెల్లెలికి ఇమ్మని హ్యాండిలుకు తగిలించింది. వేలూరు దాటినాక గుడ్డు పెట్టింది. గుడ్డు కూడా ఇచ్చేసినా సార్, అడిగి చూడండి.

మూడోది పరుగు. అది నిజమే, ఒప్పుకుంటా. లుంగీ ఎగగట్టుకొని బజారులో పరిగెత్తినా. చెరువు గట్టున పరిగెత్తితే కుక్కలు తరుముతాయి, అందుకని బజారు. నా వెనకాల పదకొండు మంది పరిగెత్తినారు, ఏంటికో వాళ్ళకు తెలీదు. రైల్వే గేటు మూసి ఉంటే నిలబడినా, వాళ్ళూ నిలబడి "ఎన్నయ్యా ఆచ్చు" అని నన్నే అడిగినారు. ఏమీ కాలేదు అన్నా. వాళ్ళకు కోపం వచ్చేసింది. ఏమీ కాకుండా మమ్మల్ని ఇంత దూరం ఎట్ల పరిగెత్తిస్తావు అన్నారు. గలాటా ఏదో వస్తాదని గుడ్డల అంగడోళ్ళు షట్టర్లు దించుకున్నారంట. దాన్నే పబ్లిక్‌కు భంగం అని రాసినట్టుండారు.

అంతే సార్. మూడూ అయిపోయినాయి. నేను బయలుదేరతా. కూలీలంతా పందెం చూసేదానికి నిన్ననే లారీలో పోయేసినారు, నా సైకిలు కూడా దాంట్లోనే పోయింది. స్టవ్వూ, బియ్యం మూటా, అన్నం వండే పెద్ద గుండూ పట్టుకొని పోయినారు. నేను పందెం ముగించి వచ్చేలోగా ఆ వంట నాకు మిగలతాదో లేదో తెలీదు.

నాలుగోదా? నాలుగోది వదిలేయండి సార్. మూడు చాలదా.

ఏమి సార్? సోమవారం దాకానా?

ఇక్కడేనా, ఈ బెంచీ మీదేనా. ప్రాణానికి అపాయమని కాగితం వచ్చినాక వదిలేస్తే, రేపు ఏమన్నా అయితే మీ మీదకు వస్తాదంటారు. న్యాయమే. అంటే ఆదివారం నేను యాడికీ పోయే పని లేదు. ఎవురైనా అడిగితే, పోలీసోళ్ళు పట్టుకున్నారు, నేనేం చేసేది అని చెప్పొచ్చు. నా తప్పు ఏమీ ఉండదు.

రొంత నీళ్ళు ఇప్పిస్తారా. ఇప్పుడు కూర్చుంటా సార్.

...

సార్, స్లాబు పోసేది ఎప్పుడైనా దగ్గరుండి చూసినారా? మొదలుపెడితే నిలపకూడదు. మిగిలింది రేపు పోద్దాం అంటే పాతదానికీ కొత్తదానికీ అతుకు పడదు. పైకి ఏమీ కనపడదు. వానొస్తే మాత్రం ఆ గీతలోనుంచే కారుతాది. ఆ ఇంట్లో ఉండేవాళ్ళు మేస్త్రిని తిడతానే ఉంటారు. అందుకని కరెంటు పోనీ, మిషను ఆగిపోనీ, చేత్తో కలిపైనా పోసేస్తాం. ముప్పై ఏండ్లలో నేను సగంలో ఆపిన స్లాబు ఒక్కటి లేదు.

అన్నీ వేరేవాళ్ళ ఇండ్లు సార్. గృహప్రవేశం దినం పిలిచి పంచా తువ్వాలా ఇస్తారు, ఆకేసి భోజనం పెడతారు. మర్నాటి నుంచి వాకిట్లోనే నిలబడి మాట్లాడి వచ్చేయల్ల. తప్పని చెప్పలేదు, ఇల్లు వాళ్ళది. కానీ ఆ గుడ్డముక్క వచ్చిన దినం నా పేరు దాని మీద ఉంటే నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. చదవను రాదు, అయినా ఎన్ని తూర్లు చూసుకున్నానో.

పోయిన ఆదివారం కస్తూరమ్మను పిల్చుకొని మహాబలిపురం పోయినా, సముద్రం ఎట్లుందో చూద్దామని. బావికి గోడ ఉండాది. చెయ్యి చాపితే రాయి తగలతాది. సముద్రానికి యాడుంది సార్ గోడ? మోకాలి దాకా దిగినా. ఒక అల వచ్చి కాళ్ళ కింద ఇసకంతా లాగేసింది. ఐదంతస్తుల పైన ఒంటి కట్టె మీద నడిచే మనిషిని, పరిగెత్తుకొని గట్టుకు వచ్చేసినా. కస్తూరమ్మ చూసింది. బస్సులో "లుంగీ గుడ్డతో నిక్కరు కుడతాండా, నడుం దగ్గర రొంత బిగువు పెడతా, లేకుంటే అలకు జారిపోతాది" అనింది. ఆమెకు నేను దిగుతానని అంత నమ్మకం. ఆ నమ్మకం చూసి నాకు ఇంకా భయమయింది.

సోమవారం పొద్దున్నే తాలూకాఫీసు ముందర కూర్చొని పిటిషన్లు రాసే జయరాములు దగ్గరికి పోయినా.

ఇప్పుడు చదవండి సార్ నాలుగోది. గట్టిగా చదవండి. లేకుంటే నేనే చెప్తా. "పైన చెప్పిన ఏకాంబరానికి సముద్రం అంటే భయం. నలభై మంది ముందర ఒప్పుకున్నాడు కాబట్టి వద్దని చెప్పేదానికి నోరు రాలేదు. కనుక అయ్యగారు దయచేసి అతణ్ణి ఆదివారం ముగిసేదాకా స్టేషన్‌లో పెట్టుకోవలసింది." చూసుకోండి, ఒక్క మాట తప్పుందా?

రాయించింది నేనే. జయరాములు మూడు పాయింట్లు చాలన్నాడు. నాలుగోది నేనే పట్టుపట్టి వేయించినా. మంగళవారమే పిలుస్తారనుకున్నా. మీరు పిలవలే. ఈ పొద్దు పొద్దున్నుంచి మీ మనిషి ఎప్పుడు వస్తాడా అని వాకిట్లోనే కూర్చొని ఉంటి.

వచ్చినాక మీతో ఏంటికి ఇంత వాదించినానో నాకే తెలీదు. మూడింటికీ జవాబు చెప్తా చెప్తా ఉంటే, అదంతా చేసినోణ్ణి నేనే కదా అనిపించింది. మీరు సోమవారం దాకా ఉండు అన్నప్పుడు హమ్మయ్య అనిపిస్తాదనుకున్నా. అనిపించలే. కాంక్రీటు కలిపి పెట్టుకున్నాక ఎవురో వచ్చి పని ఆపేసినట్టు కోపం వచ్చింది. భయం పోలేదు సార్, అది ఇప్పుడు కూడా ఉండాది. ఉంటే ఉండనీ, నాతోనే దిగుతాది.

నవ్వండి, పరవాలేదు. తప్పుడు పిటిషన్ ఇచ్చి పోలీసోళ్ళ టైము పాడు చేసినందుకు కేసు ఉంటాదంట కదా. రాసుకోండి, వద్దనను. కానీ ఈ తూరి పేరు వేసే రాయండి సార్. ఏకాంబరం. సంతకం సోమవారం వచ్చి పెడతా, చెయ్యి పైకి లేస్తే.