ఎర్రగీత మీద రెండంగుళాలు

నది మీద వంతెన, వంతెన మధ్యలో ఒక రేకుల గది. ఎగువ రాష్ట్రం మనిషి ఒకడు, దిగువ రాష్ట్రం మనిషి ఒకడు రోజూ పొద్దున్న ఆరింటికి అక్కడ కలిసి, నీటిమట్టం చదివి, ఒకే పుస్తకంలో ఇద్దరూ సంతకం పెట్టాలని ఒప్పందం. వాళ్లని అందరూ ఎగువాయన, దిగువాయన అనే అంటారు. ఎగువాయన కూతురు దిగువాయనకి కోడలు. ఆ పొద్దున్న ఎగువాయన విషయం ఎలా కదపాలో తెలియక నానా తిప్పలూ పడి, చివరికి అంకె చెప్పేశాడు.

"ఎంతా? మళ్లీ చెప్పు."

"ఎనిమిది అడుగుల పది అంగుళాలు, బావగారూ."

"బావా, ఇటు తిరిగి చెప్పు."

"ఎనిమిది... పది."

"నావైపు కాదులే, కిందికి చూసి చెప్పు. స్తంభం మీద కొలబద్ద ఉందా? దాని మీద ఎర్రగీత, తొమ్మిదడుగుల గీత, కనిపిస్తోందా?"

"కనిపించట్లేదు."

"ఎందుకు కనిపించట్లేదు?"

"నీళ్లలో ఉంది."

"ఎంత లోపలుంది?"

"ఉంటుంది. రెండంగుళాలు ఉంటుంది."

"అంటే తొమ్మిది రెండు."

"అలా చూస్తే అంతే."

"ఇంకెలా చూస్తావయ్యా? నీళ్లేమన్నా మీ ఇంజనీరునడిగి పెరుగుతాయా?"

"మెల్లగా, బావగారూ. గేట్ల దగ్గర కాపలా వాళ్లున్నారు."

"విననీ! తొమ్మిది దాటితే మూడు గేట్లెత్తి పదిరోజులు మాకు నీళ్లొదలాలి. దాటకపోతే చుక్క వదలక్కర్లేదు. రెండు ప్రభుత్వాలూ ఇరవయ్యేళ్లు కొట్టుకుచచ్చి రాసుకున్నది ఈ ఒక్క గీత. ఇప్పుడు నువ్వొచ్చి, నీళ్లని నాలుగంగుళాలు కిందికి తొక్కమంటావ్."

"నేనంటానా? పైనుంచి ఫోనొచ్చింది. జలాశయం నిండాలిట. నిండితే మంత్రిగారొచ్చి గట్టుమీద ఫోటో దిగుతార్ట."

"థూ!"

"నేనూ అదే అన్నా, ఫోను పెట్టేశాక."

"ఫోనులో అనలేకపోయావా?"

"ఫోనులో 'సరే సార్' అన్నా."

"పెట్టేశాక ఉమ్మడానికి ధైర్యమెందుకు, నోట్లో తడి ఉంటే చాలు."

"అనండి. పడతా. నాకింకా రెండేళ్ల సర్వీసుంది. మాట వినకపోతే కొండమీద నీళ్లు కొలిచే గేజీకి మారుస్తామన్నారు. ఈ మోకాళ్లతో నేను కొండలెక్కగలనా?"

"నీ మోకాళ్ల సంగతి సరే. నీ కూతురి నారుమడి సంగతి తెలుసా?"

"బాగానే ఉందంది మొన్న."

"నీతో అలాగే చెప్తుంది. నేను చెప్తా విను. నారు పచ్చబడిపోయింది. పచ్చబడ్డం అంటే ఎదిగిందనుకునేవు, పండుటాకులా అయింది. కాలవలో కప్పలు కూడా లేవు. కుళాయి రెండురోజులకోసారి. తాగడానికి పట్టిన నీళ్లు రెండు బిందెలు తీసుకెళ్లి నారుకి పోసింది. అంట్లు కడిగిన నీళ్లూ వదలట్లేదు. మా ఆవిడ అరిచింది."

"అరవదా మరి."

"అరిస్తే నీ కూతురేమందో తెలుసా? 'ఇంకో నాలుగురోజులు ఓపిక పట్టండత్తయ్యా, మా నాన్న గేట్లెత్తిస్తాడు' అంది."

"ఆ మాట నాకెందుకు చెప్పారు?"

"అడగడం మానేస్తావేమోనని."

"మానలేను. అడుగుతున్నా. ఎనిమిది పది అని సంతకం పెట్టండి."

"ఎద్దు పుండు కాకికి ముద్దా? మీ మంత్రి ఫోటో కోసం మా నారు ఎండాలా? తడిగుడ్డతో గొంతు కోస్తారయ్యా మీరు. కోసేవాడికి గుడ్డ తడిపిచ్చేవాడివి నువ్వు."

"అంతే. పెట్టరన్నమాట."

"అంతేనా? ఇదేం అడగడం? వద్దంటే చాలు ఆకు మడిచేసేవాడిలా. గట్టిగా అడగవేం?"

"గట్టిగా అడిగితే ఒప్పుకుంటారేమోనని."

"ఆఁ?"

"మీరు ఒప్పుకోకూడదు, బావగారూ. ఇద్దరి కొలతా కలవకపోతే ఏం చెయ్యాలని ఉంది ఒప్పందంలో?"

"నువ్వే చెప్పు."

"తేడా వచ్చిన రోజు ముందు గేట్లెత్తాలి, తనిఖీ ఆ తరవాత. పన్నెండేళ్లుగా ఆ అవసరం రాలేదు గానీ, నాకది కంఠతా. మీరు తొమ్మిది రెండు రాయండి. నేను ఎనిమిది పది రాస్తా. మావాళ్ల మాట విన్నట్టూ ఉంటుంది, గేట్లూ లేస్తాయి. తనిఖీవాళ్లు ముక్కుతూ మూలుగుతూ వచ్చేసరికి నాలుగురోజులు. నాలుగురోజుల నీళ్లు చాలు, నారు నిలబడుతుంది."

"మీ ఇంజనీరుకేం చెప్తావ్?"

"దిగువాయన మొండి మనిషి సార్, కాళ్లు పట్టుకున్నా వినలేదు సార్ అంటా. మిమ్మల్ని తిట్టుకుంటారు. తిట్టుకోనీండి."

"అంటే ఇందాకట్నుంచీ..."

"మీ చేత ఛీ కొట్టించుకుందామనే వచ్చా. కొట్టారు. కడుపు నిండింది. ఇంక 'కాదు' అని ఒక్క ముక్క పుస్తకంలో రాసెయ్యండి, చాలు."

"ఈ గదిలో ఎంత దుమ్ము పేరుకుందో చూశావా బావా. ఊడ్చే దిక్కు లేదు."

"దుమ్ముకేం, రేపు ఊడుద్దాం."

"నీకు గుర్తుందా? పెళ్లికి ముందు నన్ను 'ఒరే' అనేవాడివి. పిల్లనిచ్చావు, 'బావగారూ, మీరూ' మొదలెట్టావు. నాకది నచ్చలేదు. పెళ్లికొడుకు తండ్రిని కదా అని ఊరుకున్నా."

"ఇప్పుడెందుకండీ అవన్నీ? ఆరవుతోంది. పుస్తకం పెట్టె తీద్దాం. తాళంచెవులేవీ?"

"పెట్టెకి రెండు తాళాలెందుకు పెట్టారో తెలుసా?"

"ఒకళ్లు లేకుండా ఒకళ్లు పుస్తకం తియ్యకూడదని. మీ చెవి మీ దగ్గర, నా చెవి నా దగ్గర."

"మనమేం చేశాం?"

"రెండూ కలిపి ఈ మేకుకి తగిలించాం. నాకు జ్వరమొస్తే మీరు, మీకు నడుం పట్టేస్తే నేను, ఇద్దరి సంతకాలూ ఒకళ్లమే పెట్టేసేవాళ్లం. అన్నదమ్ముల్లా బతికాం. ఆ సంగతెందుకు ఎత్తుతారు, గోడలకి చెవులుంటాయి! అది బయటపడితే ఇద్దరం ఇంటికే. పైగా పన్నెండేళ్ల పుస్తకాలు చెల్లవంటారు, రెండు రాష్ట్రాలూ మళ్లీ మొదటికొస్తాయి."

"నీ సంతకం చివర ఆ తోకుంది చూశావా, అది నీకంటే నేనే బాగా తిప్పుతా."

"తిప్పుదురు గానీ, మేకుకి చెవులు లేవే?"

"నా జేబులో ఉన్నాయి."

"రెండూనా?"

"రెండూ."

"ఎందుకు? బావగారూ, మీకూ ఫోనొచ్చిందా?"

"నిన్న సాయంత్రం."

"మీవాళ్ల దగ్గర్నుంచా? మీవాళ్లకి నీళ్లు కావాలిగా!"

"రాకపోతేనే మంచిదిట. పొలాలెండితే, ఎగువవాళ్లు మోసం చేశారని ఊరేగింపు తియ్యొచ్చు. ఎన్నికలొస్తున్నాయి. ఊళ్లకి ట్యాంకర్లు పెట్టొచ్చు. నలభై ట్యాంకర్లు, అన్నీ మా ఇంజనీరు బావమరిదివి."

"ఓరి మీ దుంపతెగ! మావాళ్లకి నిండాలి, మీవాళ్లకి ఎండాలి. నీళ్ల దగ్గర ఇరవయ్యేళ్లు కుదరనివాళ్లకి కరువు దగ్గర ఒక్క పూటలో కుదిరిందా!"

"దొంగలూ దొంగలూ కలిసి ఊళ్లు పంచుకోవడం కొత్తా?"

"ఇందులో మీకేం వస్తుంది?"

"నాకేం రాదు."

"మరి?"

"మావాడికి ట్యాంకరు మీద డ్రైవరు ఉద్యోగం. పర్మనెంటు."

"మీవాడంటే... మా అల్లుడికా?"

"నీ అల్లుడికే. మూడేళ్లుగా ఖాళీగా తిరుగుతున్నాడని నువ్వు కాదూ నన్ను సాధించింది?"

"పెళ్లాం నారు ఎండగట్టి, ఆ పెళ్లాం బిందెలోనే నీళ్లు పోస్తాడా వాడు? ఛీ! కంచే చేను మేస్తే అంటారు, ఇదేనా? ఇంతసేపూ నన్ను ఛీ కొట్టిన నోరేనా ఇది?"

"కొట్టింది నిన్ను కాదు."

"మరి నాతో ఎందుకు అడిగించుకున్నావ్?"

"నువ్వూ అడుగుతావో లేదో చూద్దామని. నువ్వు కూడా అడిగితే, నేనొక్కణ్నే కాదు కదా అనిపిస్తుందని. కాదనిపించుకోవడానికొచ్చావని నాకేం తెలుసు?"

"సరే. విను. ఇంకా ఆరు కాలేదు."

"బావా..."

"విను! నువ్వు నీ ఎనిమిది పదే రాసుకో, నీ కొడుకు ఉద్యోగం నీకు ముఖ్యం. తొమ్మిది రెండు నేను రాస్తా. ఎవరు రాస్తే ఏం, తేడా వచ్చినట్టే. గేట్లు లేస్తాయి."

"మీవాళ్లు నిన్ను కొండెక్కిస్తారు."

"ఎక్కుతా. పాక్కుంటూ ఎక్కుతా. నా కూతురు నాలుగురోజులంది. చెవులిటివ్వు. ఇవ్వరా! ఒరే, నిన్నే, చెవులిమ్మంటుంటే!"

"తీసుకో. పెట్టె తీసి చూసుకో. ఐదింటికే వచ్చి ఎనిమిది పది రాశాను, రెండాఫీసులకీ ఫోనుచేసి చెప్పేశాను. నా సంతకం పెట్టాను. నీది కూడా పెట్టేశానురా, తోకతో సహా."