పర్శాగౌడ్ కాలు కురచైన తీరు

పర్శాగౌడ్ కథ మా దిక్కు ఎవర్నడిగినా ఒక్క తీరుగనే చెప్తరు. తాటిచెట్టు మీంచి పడ్డడంట, దవాఖానల డాక్టరు తొడ ఎముకల ముక్క కోసి దాచుకున్నడంట, అందుకే ఎడమ కాలు కురచైందంట, మళ్ల జన్మల చెట్టు ముట్టలేదంట. నేను ఒప్పుకోను. ఆ ముక్క చూసిందెవరు అని అడిగితే ఈయన ఆయన పేరు చెప్తడు, ఆయన చచ్చిపోయినోని పేరు చెప్తడు. అయినా కల్లు గీసే గౌండ్లాయన ఎముక డాక్టరుకు దేనికి, మీరే చెప్పుండ్రి. పడ్డది నిజం, కాలు కురచైంది నిజం. మిగిలింది వినుండ్రి.

ఎనభై రెండు వానకాలం. చెట్టు తడిసి జారుడు మీదుంటది గదా, సగం దిగినంక కాలు జారి పడ్డడు. ఎడమ తొడ విరిగింది. మంచమ్మీద మోసుకపోతుంటే అడిగిన మొదటి మాట ఏందంటే, "నా చెట్లు ఎవరు గీస్తరు?" అని. ఎందుకంటే గౌండ్లోళ్లల్ల అప్పుడు ఒక కట్టుబాటుండె. పడ్డోని చెట్లు కులపోళ్లు వంతులేసుకొని గీస్తరు, కల్లు వానింటికే ఇస్తరు. అది వచ్చే ఎండకాలందాకనే. ఆ ఎండకాలం వాడే మోకు కట్టుకొని ఎక్కాలె, ఎక్కకుంటే చెట్లు ఇంకొకనికి పోతయి. పర్శాగౌడ్‌కు చెట్టు పని తప్ప ఇంకో పని రాదు.

దవాఖానల ఏం చేసిండ్రంటే, మోకాలి కింది ఎముకల కడ్డీ గుచ్చి, దానికి తాడు కట్టి, ఆ తాడును మంచం కొసనున్న చక్రం మీంచి ఇడిసి, చివరకు ఇసుక సంచి ఏలాడదీసిండ్రు. తొడ కండలు విరిగిన ముక్కలను ఒకదాని మీదికొకటి గుంజుతయి, సంచి బరువేమో ఎనుకకు గుంజి కాలు పొడుగు నిలబెడ్తదన్నట్టు. "ఈ సంచి గాలిలనే ఉండాలె. ఎత్తినవంటే కాలు కురచైతది, ఇగ చెట్టు మాట మర్సిపో" అన్నడు డాక్టరు. పర్శాగౌడ్ తలకాయ ఊపిండు.

ఇగ ఏమైందంటే, చుట్టాల రాకడ మొదలైంది. మా దిక్కు దెబ్బ తాకినోన్ని చూడవోతే ఊకె చూసి రారు, ఏదన్న ఒక చేతి సాయం చేసే రావాలె, లేకుంటే పోయినట్టే లెక్క గాదు. దవాఖానల చెయ్యనీకె ఏముంటది? కనకవ్వ, అంటే పర్శాగౌడ్ పెండ్లాం, బువ్వ తేనీకె బయటికి పోయిన యాల్లకు ఆమె తండ్రి బాలాగౌడ్ వచ్చిండనుకో. అటు చూసిండు, ఇటు చూసిండు. "అయ్యో అల్లుడా, విరిగిన కాలికి ఈ శిక్షేంది? ఎడ్లకు గూడ ఇట్ల కట్టం" అని సంచి ఎత్తి స్టూలు మీద పెట్టిండు. పెట్టంగనే తొడ కండ బిగుసుకొని పర్శాగౌడ్ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "ఇప్పుడెట్లుంది అల్లుడా?" అంటే "మస్తుగున్నది మామా" అన్నడంట. పిల్లనిచ్చిన మామకు ఇంకో తీరుగ ఎట్ల చెప్తడు. పోయేటప్పుడు మామ సంచిని మళ్ల ఏలాడదీసి పోయిండు, పద్ధతి తెలిసినోడు. మర్నాడు మేనత్త వచ్చి ఎత్తింది, ఎనుక వియ్యపురాలు వచ్చి ఎత్తింది. డాక్టరు ఎక్స్‌రే తీసి చూస్తే ముక్కలు ఇంక ఒకదాని మీదొకటే ఉన్నయి. సంచిల ఇసుక పెంచిండు. బరువు పెరిగిందని చుట్టాలకు జాలి పెరిగింది, ఇంకింత సేపు పట్టుకున్నరు. పర్శాగౌడ్ ఎవరి పేరూ చెప్పలె.

ఆఖరుకు డాక్టరు కనకవ్వను పిలిచి, "ఇదిట్లనే ఉంటే నీ మొగడు చెట్టెక్కుడు అటుంచు, కర్ర లేకుండ నడవడు" అన్నడు. ఆమెకు అనుమానమొచ్చి, ఆ దినం బువ్వకు పోయి సగం తొవ్వల్నించే మర్లి వచ్చింది. వచ్చి చూస్తే తండ్రి సంచిని మనుమని లెక్క ఒళ్లె పెట్టుకొని కూసున్నడు.

"నాయినా, దాన్ని ఇడిసిపెట్టు. కాలు కురచైతదంట."

"నొప్పి తగ్గుతుందే వానికి. నువ్వే అడుగు."

"తగ్గుతుందా?" అని మొగన్ని అడిగింది. పర్శాగౌడ్ మామ దిక్కు చూసిండు, పెండ్లాం దిక్కు చూసిండు. చెట్లు యాదికొచ్చినయి. "సంచి ఏలాడితెనే జర నయం మామా. నువ్వు ఎత్తినప్పుడే పానం పోతుంది" అన్నడు.

బాలాగౌడ్ మెల్లగ సంచి ఇడిసిండు. "మరి ఇన్నొద్దులు చెప్పవేంది?"

"నువ్వు అంత ప్రేమగ, పావురంగ అడిగితివి."

"ఇగ నేను ఊకె కూసోవాల్నా?" అన్నడు ముసలాయన.

"మంచి కాలు ఖాళీగనే ఉన్నది గద నాయినా, అది పిసుకు" అన్నది కనకవ్వ.

అప్పట్నించి వచ్చినోళ్లందరు కుడి కాలే పిసికిండ్రు. విరిగిన కాలు అతికింది, ఏ దెబ్బా తాకని కాలు వాసింది. అయితే ముందు జరిగిన నష్టం జరిగిందే, ఎడమ కాలు రెండు వేళ్ల మందం కురచ నిలిచింది. ముక్క ఎవరూ కొయ్యలె. అందరు గలిసి సంచి మోసిండ్రు, గంతే.

ఇగ చెట్టు సంగతి. కర్ర పట్టి నడిచిండు, కర్ర ఇడిసి నడిచిండు, ఎండకాలమొచ్చింది. డాక్టరు ఎక్కొద్దన్నడు. కనకవ్వ మోకు తెచ్చి ముందల పడేసి, "ఎక్కితే ఎక్కు. పడ్డవంటే మళ్ల మా నాయిన వస్తడు, సూస్కో" అన్నది. కురచ కాలుతోని ఎట్ల ఎక్కుతడంటరా? రెండు కాళ్లు సమానముండాలన్న పట్టింపు నేలకుంటది గాని చెట్టుకుండదు. ఎక్కలేదనెటోళ్లతోని నేను కొట్లాడ. ఒక్క మాట చెప్పి లేస్త: పంతొమ్మిది వందల ఎనభై మూడు, మే ఆరో తారీఖు, శుక్రవారం పొద్దుగాల, పర్శాగౌడ్ నిండు కల్లు లొట్టితోని అదే చెట్టు మీంచి రెండోసారి పడ్డడు. ఈసారి మణికట్టు.