పసుపు గొంతు పికిలి

పొద్దుటినుంచి కొత్త పిట్టల కోసం తిరిగిన కౌసర్ టీచరుకు, పెనుకొండ అవతల క్వారీ తినగా మిగిలిన బండ మీద పసుపు గొంతు పికిలిపిట్ట కనబడింది. పక్కన గొర్రెలు కాసే ఆదెప్ప ఉన్నాడు.

“నాలుగేండ్ల కిందటే చెప్పినావు కదన్నా, ఈ పిట్ట ఈడ ఉండాదని.”

“చెప్పినా మేడం. ఫొటో యాడ అంటివి.”

“ఫొటో లేకుండా పిట్టల జాబితాలో రాయకూడదని మా రూలు.”

“రూలేం గాదులే. నువ్వు నమ్మలేదు.”

కౌసర్ బైనాక్యులర్ దించింది.

“ఆపొద్దే రాసింటే, ఈడ అరుదైన పిట్ట ఉండాది, క్వారీ వద్దని అర్జీ పెట్టేదానికి పనికొచ్చేది.”

“అర్జీలు నాకు తెల్దు మేడం. అప్పుడు ఈ పిట్టల గుంపు ఉండె.”

“ఇప్పుడు నీ పేరుతోనే రాస్తానన్నా.”

“పేరెందుకులే. బిరీన ఫొటో తీసుకో. ఇదొక్కటే మిగిలిండాది.”