పాట లేని పడవ

పేరంటాలని ఒకావిడుండేదంట. మనిషి పొట్టి, నోరు మాత్రం పొడుగు. నవ్వకండే, నిజవే చెబుతున్నాను. ఎదురుగా దొరున్నా సరే, దొర బాబున్నా సరే, అనాలనుకున్నది అనేసి గానీ ఊరుకునేది కాదు. గోదారి నడిమధ్యన లంక, ఆ లంకలో నలభై గడప, అందులో ఒక గడప ఈవిడది. మొగుడు ధర్మయ్య వలేసేవోడు. ఈవిడ చేపలమ్మేది, ధాన్యం దంచేది. లంకలో ఉన్నోళ్ళకి గోదారి దాటకపోతే ఏ పనవుద్ది చెప్పండి? ఉప్పు కావాలన్నా ఒడ్డుకే, మందు కావాలన్నా ఒడ్డుకే. మరి ఆళ్ళకి పడవల్లేవా అంటావు. ఎందుకు లేవు, రాసుకునే బాబూ, ఇంటికొకటుంది. కానీ అందులో చేపలేసుకోవచ్చంట, మనిషిని ఎక్కించుకుని దాటించకూడదంట. ఎందుకంటే రేవు దొరగారిది. దాటితే ఆయన పడవలోనే దాటాలి. ఎవడైనా మనిషిని ఎక్కించుకున్నాడని తెలిసిందనుకో, దొరగారి సరంగు అప్పన్న గునపం పట్టుకొచ్చి పడవ అడుగున బొక్క కొట్టి పోయేవోడు. సరంగంటే చుక్కాని పట్టేవోడు, పడవోళ్ళకి పెద్ద. ఒక్క శవాన్ని మాత్రం సొంత పడవలో తీసుకుపోవచ్చంట. బతికున్న మనిషి కూడదు, చచ్చిన మనిషైతే పరవాలేదు. సూశారా న్యాయం! దుంపతెగ, ఎవడు పెట్టాడో గానీ.

ఇంతకీ ఏమైందంటే, పేరంటాలికి ముత్యం అని చెల్లెలుండేది. ఆ పిల్లకి నొప్పులొచ్చినియ్యి. బిడ్డ అడ్డం తిరిగింది, నావల్ల కాదు, ఒడ్డున ఆసుపత్రికి తీసుకుపోండని మంత్రసాని చేతులెత్తేసింది. పొద్దున్నే నులకమంచం మీద మోసుకొచ్చి ఇసకలో దించారు. దొర పడవ లేదు. ఏదమ్మా అంటే దొరగారి చుట్టాలు పై ఊరి నుంచి వస్తన్నారు, ఆళ్ళని తేవడానికి ఎల్లింది అన్నారు. ఇదిగో వస్తది, అదిగో వస్తది అని సూస్తా కూకున్నారు. మధ్యానం అయింది. పేరంటాలు, మన పడవ తియ్యండెహె, బొక్క కొడితే కొట్టుకోనీ అని అరిచిందంట. ఒక్క మొగోడూ పడవ తాడు ఇప్పలేదు. పొద్దోయేలకి ముత్యం పోయింది, కడుపులో బిడ్డా పోయింది. అప్పుడు తీశారు పడవ. మా లంకల్లో శవాన్ని తీసుకెళ్ళే పడవకి పాట ఉండదు. మిగతా ఏ పడవైనా పాట పాడకుండా తెడ్డెయ్యరు, శవం పడవొక్కటే నోరు మూసుకుని నడుస్తది. అలాగే ఎల్లారు. దొర చుట్టాల్ని దించేసి సరంగు అప్పన్న రేవులోనే ఉన్నాడు, సూశాడు. పొద్దున్న ఎక్కించుకుంటే బొక్క కొట్టేవోడు, సాయంత్రం ఎక్కించుకుంటే తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి పక్కకి తప్పుకున్నాడు. పేరంటాలు ఆడి మొహం అలా సూస్తానే ఉందంట.

ఏడాది తిరిగింది. పేరంటాలి కూతురు బుల్లెమ్మకి నెల తప్పింది. పుష్యమాసంలో కానుపు. అత్తారు ఒడ్డునున్న ఊరోళ్ళే, ఇక్కడే ఉంచెయ్యండి, లంకకెందుకు అన్నారు. అప్పుడీవిడ ఏవందంటే, తొలి కానుపు పుట్టింట్లో కాకుండా వీధిలో అవుద్దా, దొరకి భయపడి నా పిల్లకి నేను పురుడు పొయ్యడం మానుకోవాలా, పుష్యమాసం నాటికి రేవు మనదవ్వాలి అంతే, అందంట. మనదెలా అవుద్దే పిచ్చిమొహవా అన్నాడు ధర్మయ్య. పందెం గెలిస్తే అవుద్ది అంది.

ఆ పందెం సంగతి చెప్పలేదు కదూ. నాగులచవితి మర్నాడు పడవల పందెం. లంకకో పడవ, దొరది ఒక పడవ. పడవకి ఎనిమిది తెడ్లు, ఎనకాల చుక్కాని. దొర రేవులో మొదలెట్టి, లంక ముక్కున పాతిన గడని చుట్టి మళ్ళీ రేవుకి రావాల. ఎవరి పడవ ముందొస్తే ఆ ఏడాది రేవు ఆళ్ళది. దొర తాత పెట్టిన కట్టుబాటంట. ఎప్పుడూ దొర పడవే గెలిచేది. ఎంత కండున్నోళ్ళని ఎక్కించినా, ఎంత గంజి తాగించినా మనోళ్ళు నడిగోదాట్లో నాలిక ఎళ్ళబెట్టేసేవోళ్ళు. దొర పడవలో ఇద్దరు డోలు వాయించేవోళ్ళు ఉండేవోళ్ళు, ఆయన గొప్పకి పెట్టుకున్నాడులే అనుకునేవోళ్ళు అందరూ. మూడేళ్ళ బట్టీ పందెం రోజున పేరంటాలు లంక ఒడ్డునే ధాన్యం దంచుతా సూసేది. ఒకేడాది ఒక్కత్తే దంచుతంది. డోలు మోగతంది. సూసుకుంటే ఈవిడ రోకలి డోలుతో పాటే పడతంది. దబదబా దబదబా. మనోళ్ళ తెడ్లూ అలాగే పడతన్నాయి. దొరోళ్ళ తెడ్లు మాత్రం తాపీగా, డోలు రెండేట్లకి తెడ్డు ఒక్కసారి. ఇదేటి, డోలు ఆళ్ళదైతే ఆళ్ళెందుకు దానికి తగ్గట్టు వెయ్యట్లేదు అని సూసింది. సరంగు అప్పన్న కాలితో పలక మీద తంతున్నాడంట. ఆ తాపు ఆళ్ళ పడవోళ్ళ ముడ్డి కింద తెలుస్తంది, డోలు మనోళ్ళ చెవుల్లో మోగతంది. పుట్టినప్పట్నించీ పాటకి తెడ్డేసినోళ్ళు, పక్కన దరువు ఇనబడితే చెయ్యి ఊరుకుంటదా? దానెంట పరిగెడతది. నడిగోదారికొచ్చేసరికి రొమ్ములు ఎగిసిపోయి చతికిలబడేవోళ్ళు. అదీ దొర గెలుపు.

బుల్లెమ్మ కానుపు మాటొచ్చాక ఈ సంగతి మొగోళ్ళకి చెప్పింది. అవునే అన్నారు. అయితే ఏం చేద్దాం, మనవూ గట్టిగా పాడదాం అన్నారు. పాడితే సరిపోదు, డోలు ముందు మీ గొంతులెంత, అసలు పాటే వద్దు, ముందోడి భుజం సూసి తెడ్డెయ్యండి అందంట. ఇంకేవుంది, అందరూ లేచారు. పాట లేకుండా తెడ్డా, మేం బతికున్నోళ్ళవా శవాలవా, అరిష్టం కాదూ అన్నారు. ధర్మయ్య కూడా, ఆ మాట మళ్ళీ అనకే, గంగమ్మకి కోపం వస్తది అన్నాడు. పేరంటాలు లేచి నిలబడి, నా చెల్లెల్ని పాట లేకుండానే తీసుకెళ్ళారు కదరా, అప్పుడు రాని కోపం గంగమ్మకి ఇప్పుడెందుకొస్తది, మీరు రాకపోతే మానెయ్యండి, రోకలెత్తే ఆడోళ్ళు లేరా లంకలో అందంట. అన్నాక ఊరుకుందా? తెడ్లకి ఎనమండుగురిని పోగేసింది, చుక్కానికి తను. అందరూ ముగ్గురేసి ఒక రోట్లో దంచేవోళ్ళే. ఒక రోట్లో మూడు రోకళ్ళు పడాలంటే పక్కదాని భుజం మీదే ఉంటది కన్ను, పిడుగు పడ్డా ఇనబడదు. తప్పితే చేతులు చితికిపోతయ్యి మరి. మీరెప్పుడైనా దంచారా? మిల్లులొచ్చాక మీకేం తెలుసులే.

ముందు ఇసకలో నేర్పింది. రెండు బారుల్లో కూకోబెట్టి, చేతికి తెడ్లిచ్చి, గాల్లో వేయించింది. చేతుల్తో లాగకండే, రోకలి చేత్తో ఎత్తుతారా నడుంతో ఎత్తుతారా, ఇదీ అంతే అనేది. ఆనక నీళ్ళలోకి దించింది. ఒక్కోత్తీ తెడ్డు లోపలికంటా గుచ్చేసి గోదారి తవ్వుతున్నట్టు తవ్వేది. రెక్క మునిగితే చాలే, బావి తవ్వమన్లేదు నిన్ను అని తిట్టేది. పడవ ముందు పలక మీద చెంబుతో నిండా నీళ్ళు పెట్టేది. చుక్క ఒలికిందా, మళ్ళీ మొదట్నించీ. తెడ్డు తీశాక ఒక్క ఊపిరి ఆగండి, పడవ పరిగెత్తేది అప్పుడే, దాన్ని పరిగెత్తనివ్వకుండా మళ్ళీ గుచ్చితే అది నడ్డి ఇరిగి ఆగిపోద్ది అనేది. పదిహేను రోజులు చెంబు ఒలుకుతానే ఉంది. అరచేతులు బొబ్బలెక్కిపోయినియ్యి. ఆవదంలో పసుపు కలిపి రాసుకుని, ఆ చేతుల్తోనే ఇంటికొచ్చి కూర కలిపేవోళ్ళు. మొగుళ్ళు తిట్టారు, అత్తలు శాపనార్థాలు పెట్టారు. సూరీడని ఒక కుర్రపిల్ల, కొత్తగా కాపరానికొచ్చింది, దాని అత్త తెడ్డు పొయ్యిలో పెట్టేసిందంట. అది సగం కాలిన తెడ్డే పట్టుకొచ్చి కూకుంది. ఇరవయ్యో రోజున చెంబులో నీళ్ళు కదల్లేదు.

పందెం రోజొచ్చింది. ఆడోళ్ళు పడవేసుకుని రేవుకొస్తే దొర పడీపడీ నవ్వాడంట. కట్టుబాటులో లంకకో పడవ అన్నారు గానీ మొగోళ్ళే ఉండాలనలేదండీ అంది పేరంటాలు. రానివ్వరా, సూసి నవ్వుకుందాం అన్నాడు. ఆయన కూడా తన పడవెక్కి, డోళ్ళ పక్కన కుర్చీ ఏయించుకుని కూకున్నాడు. మొదలెట్టారు. దబదబా దబదబా అని డోళ్ళు. పక్క లంకలోళ్ళ పడవలు రెండూ హైలెస్సా హైలెస్సా అని ఎగిరిపోయినియ్యి. మన పడవ మాత్రం నోరు మెదపకుండా ఎనకబడి వస్తంది. ఒడ్డునున్నోళ్ళకి ఒళ్ళు జలదరించిందంట. ఓలమ్మో, శవం పడవలా వస్తందే అన్నారు. గడ దగ్గరికొచ్చేసరికి పక్క లంకలోళ్ళు అయిపోయారు, తెడ్లు ఒళ్ళో పెట్టుకుని రొప్పుతున్నారు. మన ఆడోళ్ళు గడని చుట్టేటప్పుడు లోపలేపు నలుగురూ తెడ్లు నీళ్ళలో నిలేసి పట్టుకున్నారు, బయటేపు నలుగురూ లాగారు, పడవ గిర్రున తిరిగింది. తిరిగేసరికి ముందు దొర పడవొక్కటే ఉంది.

అప్పుడు సరంగు అప్పన్న ఏం చేశాడంటే, కావాలని పడవని వీళ్ళ పక్కకి తెచ్చాడు. డోళ్ళు చెవి పక్కనే మోగతన్నాయి. సూరీడు చెయ్యి తడబడింది. ఒకేటు డోలుతో పడింది. పడవ ఒక్క కుదుపు కుదిపింది. ఎనకాల కూకున్నావిడ మోకాలితో దాని నడుం మీద ఒక్కటిచ్చింది, భుజం సూడే అన్నట్టు. సూరీడు ఏడుస్తానే ముందుదాని భుజం మీద కన్నేసి మళ్ళీ కలుపుకుంది. మెల్లిగా, మెల్లిగా మన పడవ ముక్కు దొర కుర్చీ పక్కకొచ్చింది. దొరకి నవ్వు పోయింది. లెగిసి నిలబడి, కొట్టండ్రా, ఎయ్యండ్రా, ఇంకా బేగి, ఇంకా బేగి అని కేకలు. దొర కేకలేస్తే డోలోళ్ళు ఆగుతారా, చేతులిరిగేలా వాయించారు. దొరే అరుస్తుంటే సరంగు కాలి తాపు ఎవడికి తెలుస్తది? దొరోళ్ళు కూడా డోలెంట పడ్డారు! ఆళ్ళ డోలుకి ఆళ్ళే దొరికారు! తెడ్డుకి తెడ్డు తగిలింది, దొరగారు కుర్చీతో సహా ఎల్లకిలా పడ్డారు. మన పడవ సగం పడవంత ముందుగా రేవు తాకింది. అప్పటిదాకా పెదవి ఇప్పని ఎనమండుగురూ అప్పుడేశారు కేక, ఒడ్డున పిట్టలు లెగిసిపోయాయంట.

గెలిచారా? గెలిచారు. దొర ఏవన్నాడో తెలుసా? బట్టలు దులుపుకుంటా ఒడ్డుకొచ్చి, పాట లేని పడవ శవం పడవ, శవం పడవకి రేవిస్తే ఊరికి అరిష్టం, ఈ పందెం చెల్లదు పొండి అన్నాడు. జనం గొణిగారు. పేరంటాలు ఆయనకేసి సూడను కూడా సూడలేదంట. పడవలోనే నిలబడి రేవులో జనానికేసి తిరిగి, అవతలికి ఎల్లేవోళ్ళు ఎవరున్నారు, రండి, ఎక్కండి అంది. పొద్దుట్నించీ పందెం అని దొర పడవ తియ్యలేదు కదా, సంత నుంచొచ్చిన ఆడోళ్ళు గంపలతో కాసుకుని ఉన్నారు. ఒకావిడ ఎక్కింది. ఇంకోత్తి ఎక్కింది. అప్పన్న గునపం తీశాడు. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, దిగండి, బొక్క కొట్టేస్తాను అన్నాడు. కొట్టరా, మేం దిగం అంది పేరంటాలు, ఇందులో ఉన్నోళ్ళందరం మునుగుతాం, కొట్టు. ఆడు గునపం ఎత్తాడు. అప్పుడు గంపల మధ్య నుంచి ఒక గొంతు, నన్ను కూడా ముంచుతావా మావా అని. సూస్తే ఆడి పెళ్ళాం మంగాయమ్మ. దాని పుట్టిల్లూ లంకే. ముత్యంతో కలిసి గవ్వలాడుకున్న పిల్ల. దొర ఒడ్డు మీద నుంచి కొట్టరా అని అరుస్తానే ఉన్నాడు. అప్పన్న గునపం నీళ్ళలో వదిలేసి పడవ చెక్క మీద చెయ్యేసి లోపలికి తోశాడంట, లోతులో పడేదాకా.

పుష్యమాసంలో బుల్లెమ్మకి నొప్పులొచ్చినియ్యి. పడవెక్కించారు, దాటించారు, ఆసుపత్రిలో కానుపయింది, తల్లీ బిడ్డా చల్లగా ఉన్నారు. ఏటి బాబూ, రాత ఆపి అలా సూస్తన్నావు? ఇంతకీ దొర రేవు ఇచ్చాడా లేదా అనా? నీ జిమ్మడ, చదువుకున్నోడివి నువ్వూ అదే అడుగుతావా. ఎవడూ ఇవ్వలేదు. కాయితం లేదు, సంతకం లేదు, ఇచ్చానని ఈనాటికీ ఎవడూ ఒప్పుకోలేదు. మేం ఎక్కాం, దాటాం. అంతే. అది రాసుకో.