పొడవు కడ్డీ

వెల్డింగ్ షాపులో తమ్ముడు కింద కూర్చుని, ట్రైలర్‌ను బండికి తగిలించే ఇనుప కడ్డీ ఎంత పొడవుండాలో చూస్తున్నాడు. అక్క పక్కనే నిలబడింది.

"పొట్టిది చాలక్కా. కొండదారి మలుపుల్లో ట్రైలర్ బండి వెంటే తిరిగేస్తుంది."

"మరి వెనక్కి తీసేటప్పుడో?"

"అప్పుడు మొండికేస్తుంది. స్టీరింగ్ కాస్త ఎక్కువ తిప్పావా, అడ్డం తిరిగి బండినే గుద్దుతుంది. అయినా బావ దిగి చెయ్యి ఊపుతాడుగా, నీకేం భయం?"

"పొడవుదే పెట్టరా."

"ఇరుకు మలుపుల్లో ఇబ్బంది పడతావు."

"మెల్లిగా పోతాను. వెనక్కి తీసేటప్పుడు మాత్రం నాకు చెప్పేవాళ్లుండరు."

"అదేంటి, బావ రావట్లేదా?"

"ఆయన కోసమేరా ఈ ప్రయాణం. మొన్న ఇంట్లో గడప తట్టుకుని పడ్డాడు. చూపు పోతోంది. ఇక ఆగదన్నారు డాక్టరు."

తమ్ముడు కొలవడం ఆపి తలెత్తాడు.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు జాలిగా చూస్తావని ఆయన భయం. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

"నేనూ వస్తాను. వెనక నిలబడి దారి చెప్తాను."

"వద్దు. నువ్వొస్తే ఎందుకొచ్చావో ఆయనకి తెలిసిపోతుంది. ఆయన చూపు పూర్తిగా పోకముందే ఆ కొండలు మేమిద్దరమే చూసొస్తాం."

తమ్ముడు లేచి, గోడకి ఆనించి ఉన్న పొడవాటి కడ్డీ అందుకున్నాడు.

"ఇంత పొడవెందుకు పెట్టావని బావ అడిగితే ఏం చెప్పను?"

"మీ అక్కకి బండి వెనక్కి తీయడం చేతకాదని చెప్పు. నవ్వుతాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది."